‘వదిన సీమంతం చీర’: సటీకా తాత్పర్యం

మూలం: వదిన సీమంతం చీర

అవతారిక: ఈ సూత్రకర్త ఆదోని పత్తి మండీలో లెక్కలు రాసే గుమాస్తా. అన్న కాపురం ఎమ్మిగనూరులో. వదినకు ఏడో నెల. మరిది తరఫున మంచి చీర ఒకటి పెట్టి రమ్మని వాళ్లమ్మ ఆజ్ఞ. 1938లో మాచాని సోమప్ప చేనేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరది, మగ్గాల ఊరికి చీర మోసుకుపోవడం దేనికని అడిగేవాళ్లు ఉంటారు. ఆ ప్రశ్న వాళ్లమ్మకే వేయాలి. సాయంత్రం ఆర్టీసీ బస్సెక్కి, ఇప్పుడు ఏ రంగులు నడుస్తున్నాయో చూద్దామని ఆ అబ్బాయి ఫోనుకు మూడు మాటలు చెప్పాడు. అదే మూలం.

ప్రతిపదార్థం: వదిన = అన్న భార్య, తల్లి తర్వాత తల్లి; సీమంతం = గర్భిణికి గాజులు తొడిగి ఒడి నింపే శుభకార్యం; చీర = (ఇచ్చట) కట్టుకొనునది. ‘ఇచ్చట’ అని ఎందుకు అనవలసి వచ్చిందో ముందు తెలుస్తుంది.

పాఠాంతరం: సీమ ప్రతులలో ‘వదినె’ అని ఉంది. కర్త నోట వచ్చిందీ అదే. ఫోను దాన్ని ‘వదిన’ అని సంస్కరించింది. మొదటి పాఠమే నిలిచి ఉంటే బహుశా ఏమీ దొరికేది కాదు, పరువు దక్కేది.

అన్వయం: వదిన యొక్క సీమంతము కొరకు చీర అని విభక్తులు చేర్చుకోవాలి. వెతికే యంత్రం చేర్చుకోలేదు. నడుమనున్న సీమంతాన్ని పక్కకు నెట్టి వదిననూ చీరనూ దగ్గర చేసింది. మొదట వచ్చిన శీర్షికను పాతకాలపు సంపాదకుల పద్ధతిలో చుక్కలు పెట్టి ఇస్తున్నాం: ‘వదిన చీర . . . . . . (భాగం 14)’. భాగం సంఖ్య యథామాతృకం.

కోలాచల మల్లినాథసూరి కుమారసంభవానికి ఎనిమిదో సర్గ దాకా టీక రాశాడు. ఆ ఎనిమిదోది శివపార్వతుల ఏకాంతం. అక్కడా తొణకకుండా సమాసాలు విప్పుకుంటూ పోయాడు మహానుభావుడు. మాకు అంత గుండె లేదు గనుక ఆ పద్నాలుగో భాగానికి టీక లేదు.

విశేషం: ఆ బాపతు సరుకు రాజశాసనాలకు లొంగని విషయం. ముద్దుపళని శృంగార కావ్యం రాధికాసాంత్వనాన్ని 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే దొరలు నిషేధించారు. 1947లో ప్రకాశం పంతులు ఆ నిషేధం ఎత్తించేదాకా ఆ కావ్యానికి చెరే. చదవాలంటే ఛందస్సు తెలియాలి, రసం తెలియాలి, అన్నిటికంటే ముందు పుస్తకం దొరకాలి. దానికి అంత కాపలా! ఈ సరుకు సంగతి చూడండి: 2015 జులై 31న కేంద్రం 857 బూతు సైట్లను మూయమంది, నాలుగు రోజులకే సడలించింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశిస్తే మళ్లీ అదే జాబితా, ఈసారి 827. ఐటీ చట్టం 67వ సెక్షన్ ప్రచురించేవాణ్ణీ పంపేవాణ్ణీ పట్టుకుంటుంది గాని, బస్సులో చెమటలు పట్టినవాణ్ణి పట్టించుకోదు. సేఫ్ సెర్చ్ అనే ద్వారపాలకుడు ఉన్నాడు. మసక అమరికలో ఉంటే ఆయన బొమ్మలను మసకబారుస్తాడు, రాతల జోలికి పోడు. లింకు నొక్కి గడప దాటినవాడి బాధ్యత అసలే ఆయనది కాదు.

శంక: సీత అందెలు తప్ప మరేదీ గుర్తుపట్టలేనన్న లక్ష్మణుణ్ణి తలుచుకునే జాతికి ‘వదిన’ అనగానే ఇది ఎలా దాపురించింది?

సమాధానం: వదిన, అత్త, పిన్ని, మరదలు, ఈ మాటలు మనకు పొద్దస్తమానం నోట్లో నలిగేవే. కాగితం మీద, తెర మీద పెట్టింది ఎవరు? జ్వరమొస్తే గంజి కాచిన పిన్ని గురించి, బడికి పోయేటప్పుడు తల దువ్వి పంపిన వదిన గురించి ఎవరూ పద్నాలుగు భాగాలు రాయలేదు. బూతు కథలవాళ్లు రాశారు. విసుగూ విరామం లేకుండా రాశారు. చదివేవాళ్లు చదివారు, నొక్కేవాళ్లు నొక్కారు, యంత్రం ఆ నొక్కుళ్లు లెక్కపెట్టుకుంది. పడుగుకు ఏ నూలు ఎక్కిస్తే బట్టలో ఆ నూలే తేలుతుందని ఎమ్మిగనూరులో చిన్నపిల్లలకూ తెలుసు. యంత్రాన్ని తిట్టే పెద్దమనుషులు సొంత వదిన గురించి తెలుగులో ఒక్క పేరా రాసి ఉంటే చూపించాలి.

సందర్భం: కర్త ‘చీర’ అన్న మాటను నమ్మి ఆ శీర్షిక నొక్కాడు. తెర నిండా బొమ్మ పరుచుకుంది. వెనక్కి పోయే గుర్తు ఎంత నొక్కినా ఇంకో బొమ్మే వచ్చింది. పక్క సీట్లో సంచి ఒళ్లో పెట్టుకున్న జేజి మెడ చాచి,

“ఏం చూస్తాండావు నాయనా?” అంది.

“చీరలు జేజీ. మా వదినెకు.”

జేజి కళ్లు చిట్లించి చూసింది. “చీర యాడుందప్పా? నాకేం కానరాలేదే!”

ఈ వాక్యం వాచ్యమా, వ్యంగ్యమా అన్నచోట సంప్రదాయం రెండుగా చీలింది. జేజికి కంట్లో పొర ఉంది, నిజంగానే ఏమీ కనబడలేదని ఆదోని వ్యాఖ్యాతలు. అంతా కనబడిందని ఎమ్మిగనూరు వారు. ఆ మాట అంటూనే ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని అటు తిరిగి కూర్చుంది గదా అని వారి ఆధారం. ఆ దోవలో దుమ్ము లేస్తే ఎవరైనా కొంగు కప్పుకుంటారని ఆదోని వారి ఖండన. ఆ పూట వాన పడిందని ఎమ్మిగనూరు వారు.