పంకా విమానం లెక్కలు

"అయ్యో, పంకా విమానమా!" మెట్ల దగ్గరికి వచ్చి నన్ను చూడగానే ఎవరో ఒకరు అనే మాట ఇది. నన్ను ఏటీఆర్ 72 అంటారు. పుట్టింది ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో, బతుకంతా హైదరాబాద్, విజయవాడ మధ్య. ఆ పంకాలను తిప్పేది లోపలున్న టర్బైన్ ఇంజనే, జెట్‌దీ అదే జాతి. డెబ్బై మందికి పైగా ఎక్కించుకుని గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతాను. ఇంకేం కావాలి?

హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి సూటిగా గీత గీస్తే దాదాపు 265 కిలోమీటర్లు. నా వేగంతో భాగిస్తే అరగంట చిల్లర. టికెట్ మీద మాత్రం గంటా, ఆపైనా వేస్తారు. మిగతా సమయం నేనే తినేశానన్నట్టు చూస్తారు జనం.

టికెట్ మీద ఉండేది గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. నా చక్రాలకు పెట్టిన చోక్స్ తీసిన నిమిషం నుంచి, అవతల మళ్లీ పెట్టేదాకా లెక్క. రన్‌వే దాకా నడక, అక్కడ వరసలో నిలబడటం, అన్నీ అందులోవే.

రన్‌వే సంగతి మరీ తమాషా. రెండు ఊళ్లలోనూ అది ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది. మేం లేచేదీ దిగేదీ గాలికి ఎదురుగా. నైరుతి రుతుపవనాల రోజుల్లో పడమటి గాలి కొడుతుంటే, తూర్పున ఉన్న బెజవాడకు పోవాల్సిన నేను చేవెళ్ల వైపు మొహం పెట్టి లేచి, ఆ తర్వాత వెనక్కి తిరుగుతాను. గన్నవరంలోనూ అంతే. రన్‌వే కిందే కనిపిస్తున్నా దాటిపోయి, ఏలూరు వైపు నుంచి మళ్లీ వచ్చి దిగాలి. పైగా ఎక్కడం, దిగడంతోనే సగం దారి అయిపోతుంది. నిండు వేగం చూపించేది మధ్యలో కాసేపే. అందుకే ఇంత దగ్గరి ప్రయాణంలో జెట్ నాకన్నా ముందుండేది కొద్ది నిమిషాలే, తాగే ఇంధనం మాత్రం ఎక్కువ.

  

నా అసలు పోటీ జెట్‌తో కాదు, 65వ నంబరు జాతీయ రహదారితో. అదీ దాదాపు సూటిగానే పోతుంది. కాబట్టి దూరంలో నేను మిగిల్చేది స్వల్పమే. తిరుపతి దారి వేరు. రోడ్డు మీద 550 కిలోమీటర్లు దాటేది, గాల్లో 420కి వస్తుంది. బెజవాడకు కారులో నాలుగున్నర, ఐదు గంటలు. నాతో వస్తే ఇంటి నుంచి శంషాబాద్ దాకా, అక్కడ తనిఖీ, నిరీక్షణ, గన్నవరం నుంచి ఊళ్లోకి ఇరవై కిలోమీటర్లు, అన్నీ కలుపుకోవాలి.

మీ ఇల్లు హయత్‌నగర్‌లో ఉండి, పని నందిగామలో అయితే నన్ను మరచిపోయి బస్సెక్కండి. ఇల్లు రాజేంద్రనగర్‌లోనో శంషాబాద్‌లోనో ఉండి, వెళ్లాల్సింది హనుమాన్ జంక్షన్‌కో ఏలూరుకో అయితే నా దగ్గరికి రండి, మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు.