సిజేరియన్ సంచి సర్దు విధానం

సిజేరియన్ కాన్పుకు సంచి సర్దడంలో ఉన్న పెద్ద వెసులుబాటు, తేదీ ముందే తెలియడం. తొందరపడాల్సిన కారణమేదీ లేకపోతే డాక్టర్లు సాధారణంగా 39వ వారం దాకా ఆగి ఆపరేషన్ చేస్తారు. ఆ వారంలో ఏ రోజన్నది డాక్టరు, మత్తు డాక్టరు, థియేటరు ఖాళీని బట్టి తేలాలి. తెలుగునాట వీళ్ళ పక్కన పంచాంగం కూడా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వర్జ్యం, రాహుకాలం దాటించి, నక్షత్రం కుదిర్చి, ఉదయం 9 గంటల 12 నిమిషాలకు బిడ్డ బయటికి రావాలని చీటీ రాసిస్తారు. సంచి మాత్రం ఆ చీటీని నమ్ముకోకూడదు. ఉమ్మనీరు ముహూర్తం చూసుకుని పోదు. 35, 36 వారాలకల్లా సంచి సిద్ధంగా ఉండాలి.

ఇది నలుగురికీ పట్టే విద్యే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద 21.5 శాతం కాన్పులు సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. అన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే చర్చ, అవసరమైన చర్చే. సంచి వరకు చూస్తే ఫలితం ఒక్కటే: ప్రతి వీధిలోనూ, ప్రతి అపార్టుమెంటులోనూ అనుభవజ్ఞులు దండిగా ఉంటారు. సలహా ఇచ్చిన ప్రతివారూ సంచిలో ఒక వస్తువు పెరగడానికి కారణమవుతారు, తీసేయమని చెప్పేవారు మాత్రం కనపడరు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం కాబట్టి సర్దే అధికారం అమ్మది. అత్తగారు ఫోనులో పర్యవేక్షిస్తారు. అల్లుడు మోస్తాడు. సంచి ఎవరికోసమో ఆ అమ్మాయి మాత్రం, ‘అది ఎందుకమ్మా’ అని అడిగి, ‘నీకు తెలియదులే’ అనిపించుకుంటుంది. చివరికి సంచిలో సగం బాలింత అవసరాలు, మిగతా సగం ఇంటివాళ్ళ భయాలు చేరతాయి. సాంబ్రాణి, వస కొమ్ము, మూడు రకాల పసుపు ఈ రెండో సగంలోవి. ఏసీ వార్డులో సాంబ్రాణి వెలిగిస్తే ముందుగా పరుగెత్తుకొచ్చేది దిష్టి తీసేవారు కాదు, సెక్యూరిటీ గార్డు.

అన్నిటికన్నా ముందు సర్దాల్సినవి కాగితాలు. తల్లీబిడ్డ సంరక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, రక్తం గ్రూపు, పరీక్షల కాగితాలు, ఆధార్, ఉంటే ఆరోగ్యశ్రీ కార్డు లేదా ఇన్సూరెన్సు పత్రాలు. వీటిని సంచిలో కాక విడిగా ఒక ఫైలులో పెట్టి, చేతిలో పట్టుకోవాలి. ఫైలు సంచి అడుగున ఉంటే, కౌంటరు దగ్గర నలుగురి ముందూ లంగోటీలు, ఫ్లాస్కు, నైటీలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి.

ఆపరేషన్ రోజు ఉదయం సంచిలోంచి తీసేది ఏమీ ఉండదు, అందులోకి వెళ్ళేవే ఎక్కువ. గాజులు, ముక్కుపుడక, చెవులవి, మెట్టెలు అన్నీ తీయమంటారు. గోళ్ళ రంగు కూడా తుడిపించేస్తారు, వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పుకు అది అడ్డం. సూత్రాల దగ్గర చిన్న సభ జరుగుతుంది. నర్సు తీయమంటుంది, పెద్దావిడ ససేమిరా అంటుంది, చివరికి పసుపుతాడుతో రాజీ కుదురుతుంది. అందుకని జిప్పున్న చిన్న ఖాళీ పర్సొకటి తప్పనిసరి. అది ఎవరి దగ్గర ఉండాలో కూడా ముందే తేల్చుకోవడం మంచిది. ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి తిండి పెట్టరు కాబట్టి, ఆ పూట సంచిలోని తినుబండారాలన్నీ వరండాలో ఎదురుచూసే బంధువులకే దక్కుతాయి.

అసలు పరీక్ష థియేటరు నుంచి బయటికి వచ్చాక. నడుముకు ఇచ్చిన మత్తు వల్ల కొన్ని గంటలు కాళ్ళు కదలవు. మూత్రానికి పైపు ఉంటుంది, చేతికి సెలైను. నవ్వినా దగ్గినా కుట్లు లాగుతాయి, అంచేత హాస్యప్రియులైన బాబాయిలను మొదటి రెండు రోజులు గుమ్మం బయటే ఆపడం శ్రేయస్కరం. దగ్గు వస్తే పొట్టకు అదిమి పట్టుకోవడానికి చిన్న దిండు చాలా మేలు చేస్తుంది. పడుకునే తాగడానికి వంగే స్ట్రా, మంచం దాకా వచ్చే పొడుగు చార్జరు వైరు, జారని చెప్పులు కూడా అంతే. ముందు జిప్పున్న వదులు నైటీలు నాలుగు, కుట్లకు పైన నిలిచేంత ఎత్తయిన పెద్ద సైజు లోదుస్తులు పెట్టాలి. ఆపరేషన్ అయితే రక్తస్రావం ఉండదనుకుని పాడ్లు మానేసేవారున్నారు. సిజేరియన్‌లోనూ ఉంటుంది, వారాలపాటు ఉంటుంది. ఫోటోల కోసం సర్దిన పట్టుచీర మడత విప్పకుండానే ఇంటికి తిరిగొస్తుంది.

తిండి విషయం కాస్త సున్నితం. ఆపరేషన్ తరవాత పేగులు మళ్ళీ పని మొదలుపెట్టాయా లేదా అన్నది డాక్టర్లకు ముఖ్యం. కొందరు కొన్ని గంటలకే ద్రవాలు, తేలిక ఆహారం ఇస్తారు, కొందరు గ్యాస్ పోయేదాకా ఆగుతారు. రెండో పద్ధతి పాటించే ఆస్పత్రిలో, జీవితంలో ఎన్నడూ పైకి అనని మాటను మామగారు సైతం గంటకోసారి గంభీరంగా అడుగుతారు. శుభవార్త వరండా చివరిదాకా పాకుతుంది, హైదరాబాదులో ఉన్న ఆడపడుచుకు వాట్సాప్‌లో చేరుతుంది. అప్పుడు ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్ళు, జావ, ఇడ్లీ వరసగా రంగంలోకి దిగుతాయి. బాలింత కారం పొడి డబ్బా ఇంట్లోనే వదిలేయొచ్చు.

బిడ్డ వాటా పరిమాణంలో చిన్నది, చిక్కుల్లో పెద్దది. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం వల్ల పుట్టేది ఎవరో ముందు తెలియదు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల బట్టలు అందుకే గట్టెక్కిస్తాయి. పైగా పుట్టకముందే కొత్తబట్టలు కొనకూడదన్న పట్టింపు చాలా ఇళ్ళలో ఉంది. ఆ పట్టింపులో తెలిసో తెలియకో ఒక లాభం ఉంది. బాగా ఉతికి ఎండేసిన తాతగారి పాత నూలు పంచెను మించిన మెత్తని పొత్తిగుడ్డ ఏ షాపులోనూ దొరకదు. ఒక పంచెను నాలుగు ముక్కలు చేసుకోవాలి, మొదటి రోజుల్లో గుడ్డలు ఎన్ని ఉన్నా చాలవు. థియేటరు చల్లదనానికి టోపీ, మేజోళ్ళు ముందుగా చేతికందేలా ఉంచాలి. తేనె సీసా, కాటుక, గ్రైప్‌వాటరు, పాలసీసా వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదకరం. మొదట కావలసినవి ముర్రుపాలు, వాటిని సర్దనక్కర్లేదు.

సర్కారు దవాఖానాకు వెళ్ళేవారు బకెట్టు, మగ్గు, దుప్పటి, దోమతెర కలుపుకోవాలి. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్టులో దోమతెర, సబ్బులు, బిడ్డ బట్టలు, తల్లికి చీరలు సహా 16 వస్తువులుండేవి, అంటే ప్రభుత్వమే సంచి సర్దిచ్చింది.

అందరూ మరిచిపోయే సంచి ఇంకొకటుంది, తోడుండే మనిషిది. చాలా ఆస్పత్రుల్లో ఒక్కరినే ఉండనిస్తారు, ఆ ఒక్కరూ సాధారణంగా అమ్మమ్మే. ఆవిడ పడుకునేది సన్నటి బల్ల మీద. కూతురికి నాలుగు దుప్పట్లు తెచ్చి తనకొక్కటీ తెచ్చుకోదు. మనవడి మేజోళ్ళు ఎనిమిది జతలుంటాయి, ఆవిడ బీపీ మాత్రలు ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంటాయి. రెండో రోజుకల్లా తల తిరిగిందంటే అదే నర్సు అమ్మమ్మకు కూడా బీపీ చూడాల్సి వస్తుంది. మాత్రలు, కళ్ళజోడు, స్వెట్టరు, చిల్లర నోట్లు ఆవిడ సంచిలో ఉన్నాయో లేదో వేరొకరు చూడాలి.

అంతా సవ్యంగా ఉంటే మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఆస్పత్రి నుంచి ఇంటిదాకా తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఉంది. సందర్శకులు తెచ్చిన యాపిల్ పళ్ళు, బ్రెడ్డు, బిస్కెట్లతో ఒక్క సంచి మూడవుతుంది. డిశ్చార్జి కాగితం, కుట్లు చూపించుకోవాల్సిన తేదీ, బిడ్డకు వేసిన బీసీజీ, పోలియో, హెపటైటిస్-బి టీకాల కార్డు మళ్ళీ ఆ చేతి ఫైలులోకే వెళ్ళాలి. జనన నమోదు 21 రోజుల్లోగా జరగాలి, ఆస్పత్రివారు వివరాలు పంపారో లేదో అడిగి కదలడం మంచిది. పేరు పెట్టకపోయినా నమోదవుతుంది, ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. రెండు వైపుల తాతల పేర్లూ కలిసొచ్చేలా, జన్మనక్షత్రానికి సరిపడేలా, స్కూల్లో పలకడానికి వీలుగా ఒక పేరు తేలడానికి ఏడాది గడువు దాదాపు సరిపోతుంది.