కప్పెడు అంటే ఎంత బిడ్డా?

మొన్న మా మనవరాలు తన పుట్టినరోజు కేకు తనే చేస్తానని వంటింట్లో దూరింది. ఫోను గోడకు ఆనించింది, గీతలున్న ప్లాస్టిక్ కప్పు చేతబట్టింది. మైదా 240 గ్రాములు అన్నది ఫోను. పిల్ల కప్పు మీది 240 గీత దాకా మైదా పోసింది. గంట తర్వాత బయటికొచ్చిన కేకు నడుమ గుంటపడి ఉంది. కత్తి పెడితే జారిపోయింది. చెంచాలతో తిన్నాం.

"ఆ గీత ఎమ్మెల్‌ది బిడ్డా, గ్రాములది కాదు" అన్నా.

"రెండూ ఒకటే గదా తాతా!"

నీళ్లకైతే ఒకటే. మైదా ఆ గీత దాకా పోస్తే తూగేది 120, 125 గ్రాములు. చక్కెరైతే 200. అంటే సగం పిండితోనే కేకు కాల్చింది. బీటెక్ చదివే పిల్ల!

మా రోజుల్లో వికారాబాద్‌లో మా నాయిన కిరాణం దుకాణంలో సేర్లు రెండుండేవి. ఒకటి తక్కెట్లో వేసే సేరు, 80 తులాలు, ఇప్పటి లెక్కన 933 గ్రాములు. ఇంకోటి కొలిచే సేరు గిన్నె. పేరు ఒక్కటే, అయినా కలగాపులగం చేసినోళ్లు లేరు. జొన్నలు కొలిచి పోయాలె, బెల్లం తూచి ఇయ్యాలె. కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనకుండా "లాభం" అనేవాడు, ఆ తర్వాతే రెండు, మూడు. కొనేవాళ్లు గిన్నె కుదిపి పోయమనేవాళ్లు. కుదిపితే గింజలు దగ్గరపడి ఇంకో పిడికెడు పడుతుంది మరి. నాయిన కుదిపితే ఒట్టు.

అరిసెలకు మా నాయనమ్మ బియ్యం గిన్నెతో కొలిచేది, బెల్లం మాత్రం తూకం వేయించేది. ముద్ద బెల్లాన్ని గిన్నెలో వేస్తే సందుల్లో అంతా గాలే. ఇన్ని గిన్నెల బియ్యానికి ఇంత తూకం బెల్లం అనే లెక్క అక్షరమ్ముక్క రాని ఆమె నోటి మీదుండేది. చివరికి పాకం చుక్క నీళ్లలో వేసి, ఉండ కడితేనే దించేది.

అట్లని ఆ రోజులు సత్యకాలమని చెప్పను. గిన్నె లోపల బొటనవేలు పెట్టి కొలిచే వర్తకులను అంగట్లో ఈ కళ్లతోనే చూశా. ఊరికో మానిక, ఊరికో కుంచం. 1958లో కిలోలు మొదలై, 1962 కల్లా పాత తూకాలు చెల్లకుండా పోయాక ఆ తకరారు తీరింది. పావుసేరు అనే మాట మాత్రం పోలేదు. పావుకిలో కావాలన్నా నా నోటికి అదే వస్తుంది.

తీరిందనుకున్న తకరారును ఈ కప్పు మళ్లీ పట్టుకొచ్చింది. అమెరికా కప్పు సుమారు 237 ఎమ్మెల్. ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. పెద్ద చెంచా చాలాచోట్ల 15 ఎమ్మెల్ అయితే ఆస్ట్రేలియాలో 20. మన ఊరికో కుంచాన్ని ఎగతాళి చేసినోళ్లు వీటిని మాత్రం కళ్లకద్దుకుంటారు.

నాకూ పంతం వచ్చి ఎలక్ట్రానిక్ కాటా తెప్పించా. కప్పును మైదా డబ్బాలో ముంచి, చాకుతో తల గీసి పెడితే 150 చూపించింది. పిండిని ముందు కదిపి, చెంచాతో వదులుగా నింపి గీస్తే 122. అదే కప్పు, అదే చేయి, 28 గ్రాముల తేడా! నాయిన గిన్నె ఎందుకు కుదపనియ్యలేదో పిల్లకు అప్పుడు అర్థమైంది.

రెండోసారి అన్నీ కాటా మీద పెట్టి చేసింది, కేకు బాగానే పొంగింది. వంటలు చెప్పే తల్లులారా, అయ్యలారా, కప్పు అనండి, నేనొద్దనను. పక్కన గ్రాములు కూడా చెప్పండి.