మూత బిగించిన మొనగాడు

"వేడెక్కగానే ఆగిపోతోందండీ." తిరువూరు బోసుబొమ్మ సెంటర్ నుంచి బెజవాడ ఆటోనగర్ దాకా ఎవరు రెంచి పట్టుకుని కనిపిస్తే వాళ్ల దగ్గర ఈ మాటే అప్పజెప్పాను. చెప్పాల్సింది "ఆగిపోతోందండీ" అని మాత్రమే. ఆ "వేడెక్కగానే" నా సొంత కవిత్వం. అది చెవిన పడ్డాక ఏ మెకానిక్ అయినా వేడికి చెడే సామాన్లలోనే వెతుకుతాడు. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. ప్రశ్నతోపాటు జవాబు కూడా నేనే మోసుకెళ్లి ఇచ్చాను.

బండి మా నాన్నది, ఎజ్డీ. మైసూరు ఐడియల్ జావా వాళ్లు 1961 నుంచి ముందు జావాలు, తర్వాత ఎజ్డీలు చేసి, 1996లో గేటు మూసేశారు. రెండొందల యాభై సీసీ, ఒక్క సిలిండరుకి రెండు సైలెన్సర్లు, గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డు. ఈ విద్య తెలీనివాడు బండి ఎత్తుకుపోవాలన్నా ఎత్తుకుపోలేడు. మామిడితోటలు కౌలుకు పట్టే రోజుల్లో నాన్న దీనిమీదే విస్సన్నపేట, నూజివీడు తిరిగేవాడు. ఆయన పోయాక అది గొడ్లపాకలో వరిగడ్డి కింద నిద్రపోయింది. 2022 జనవరిలో ఎజ్డీ పేరుతో మళ్లీ కొత్త బళ్లు వచ్చాయని పేపర్లో చదివాక, పాత బళ్లకి విలువ పెరిగిందని ఎవరో అన్నాక, నాకు హఠాత్తుగా పితృభక్తి పొంగింది.

పొంగింది కాబట్టి ముందు రంగు వేయించాను. ఇంజను సంగతి తర్వాత. మెరూన్ రంగు, ట్యాంకుకి తెల్ల గీతలు. చూసినవాళ్లు నా పురుగుమందుల కొట్టు ముందు ఆగి మరీ చూసిపోయేవాళ్లు. దిష్టి చుక్కలాగా ఒకటే లోపం. ట్యాంకు నిండా పోయించి బ్రేకు గట్టిగా వేస్తే మూతమీది సూదిమొనంత చిల్లులోంచి పెట్రోలు చిందేది. టూస్ట్రోకు బండి కదా, పెట్రోల్లో ఆయిలు కలిసే ఉంటుంది. అది ఆరిపోయినా జిడ్డు మరక మిగులుతుంది. నాన్న ఆ మూత చుట్టూ పాత బనీను గుడ్డ ఒకటి చుట్టి ఉంచేవాడు. అది చూడ్డానికి అసహ్యంగా ఉందని రంగు వేయించే ముందే పీకి పారేశాను. ఇప్పుడు నా తెలివి చూపించాను. మందపాటి రబ్బరు షీటు కొని గుండ్రంగా కోసి వాషరు వేశాను. చిల్లులో ఎంసీల్ నొక్కి, పైన రుద్ది, కనపడకుండా రంగు పూశాను. చుక్క కారితే ఒట్టు. మా ఆవిడని పిలిచి మరీ చూపించాను.

ఊళ్లో బాగానే నడిచింది. కొట్టుకీ ఇంటికీ మధ్య తిరగడానికి లీటరో, రెండు లీటర్లో ఉండేది ట్యాంకులో. బెజవాడ వెళ్దామని నిండా పోయించిన రోజున ఎ.కొండూరు అడ్డరోడ్డు దాటకుండానే దగ్గింది, ఈడ్చింది, ఆగింది. చెట్టు కింద పెట్టి కాసేపు కూర్చున్నాను. కిక్కు కొడితే అందుకుంది. మళ్లీ కొంత దూరం, మళ్లీ చావు. చెయ్యి పెట్టి చూస్తే సిలిండరు రెక్కలు కాలిపోతున్నాయి. ఇక రుజువు ఏం కావాలి? దూరం వెళ్తే వేడెక్కుతుంది, వేడెక్కితే ఆగుతుంది, చల్లారితే లేస్తుంది. అమ్మవారి మాటలాగా తిరుగులేని సిద్ధాంతం.

ఆ సిద్ధాంతానికి మొదటి బలి కండెన్సర్. దీని గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బుకి నిజంగానే చాలాసార్లు అదే కారణం. పాయింట్లు విడిపడే క్షణంలో అక్కడ పుట్టాల్సిన నిప్పురవ్వని అది మింగేస్తుంది. అందువల్ల కాయిల్లో కరెంటు టక్కున తెగుతుంది, ప్లగ్గులో నీలం రవ్వ గట్టిగా పడుతుంది. లోపల ఉండేది రేకూ కాయితమూ చుట్టిన చిన్న చుట్ట. ముసలిదయ్యాక ఆ పొరల మధ్య కరెంటు కారడం మొదలవుతుంది, వేడికి ఇంకా కారుతుంది. అప్పుడు పాయింట్ల దగ్గరే నిప్పులు కురుస్తాయి, ప్లగ్గు దగ్గర పసుపచ్చగా, నీరసంగా ఒక రవ్వ. చల్లారితే మళ్లీ మామూలే. కాయిలూ అంతే, వేడికి లోపలి తీగ ఎక్కడో తెగి, చల్లారాక మళ్లీ కలుసుకునే రకాలు ఉన్నాయి. కాబట్టి మా ఊరి మెకానిక్ ముందు కండెన్సర్, తర్వాత కాయిల్ మార్చడంలో తప్పు పట్టలేను. మార్చిన ప్రతిసారీ నా ముందే ట్రయల్ వేశాడు. ప్రతిసారీ బాగుంది. ఎందుకు బాగుండదు, పని మొదలుపెట్టే ముందు అతను మొదట చేసేది మూత తీసి పెట్రోలు ఉందో లేదో చూడ్డమే.

నేను దారిలో చేసిందీ అదే. బండి ఆగగానే మూత తిప్పేవాణ్ణి. స్‌స్‌స్ మని చప్పుడు వచ్చేది. లోపల పెట్రోలు ఉండేది. మూత బిగించి, కాసేపు ఆగి, కిక్కు కొట్టేవాణ్ణి. ఆ చప్పుడుకి కూడా నా దగ్గర వివరణ ఉంది: పెట్రోలు ఉడికి ఆవిరి బయటికొస్తోంది! గాలి బయటికి పోతోందా, లోపలికి దూరుతోందా అని అరచెయ్యి అడ్డం పెట్టి చూసుంటే కథ అక్కడే అయిపోయేది. చెవితో విన్నదాన్ని నా సిద్ధాంతం వైపే తిప్పుకున్నాను.

అక్కణ్ణుంచి ఇథనాల్ మీద పడ్డాను. 2023 ఫిబ్రవరిలో దేశంలో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. టీకొట్టు దగ్గర దాని గురించి నేను మాట్లాడని సాయంత్రం లేదు. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుందనీ, పెట్రోల్లోని తేలికపాటి భాగాలు అంతకంటే చాలా ముందే ఆవిరి పడతాయనీ, మన ఎండలకి పైపులోనే ఆవిరి బుడగ కట్టి దారి మూసేస్తుందనీ ఉపన్యాసాలు. అన్నీ నిజాలే, నా బండికే సంబంధం లేనివి. ఒక బంకులో పోయించుకోవడం మానేసి, మైలవరం వైపు ఇంకో బంకుకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ పోయించాక బాగా నడిచేది కూడా. పోయించడానికి మూత తీశాను మరి.

అసలు దెబ్బ ఆటోనగర్లో. అక్కడి పెద్ద మెకానిక్ నా మాట శ్రద్ధగా విన్నాడు. "వేడికి పిస్టన్ పట్టేస్తోంది" అన్నాడు. హెడ్డు విప్పి, సిలిండరు లేపి, పిస్టన్ చేతిలో పెట్టాడు. పక్కలమ్మట నిలువు గీతలు! ప్లగ్గు చూపించాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఇంజను మాడుతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం లేదు. బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్ వేసి, బిల్లు చేతిలో పెట్టి, "కొన్నాళ్లు నలభై దాటనివ్వద్దండీ" అని చెప్పి పంపించాడు.

నలభై దాటనివ్వలేదు. బండి ఒక్కసారి కూడా ఆగలేదు! ఊరంతా చాటాను. వచ్చినవాళ్లకి ఆ గీతల పిస్టన్ తీసి చూపించేవాణ్ణి. నెమ్మదిగా నడిపితే ఇంజను తాగే పెట్రోలు తక్కువ, రబ్బరు వాషరు అంచులోంచి దూరే కాస్తంత గాలీ ఆ తాగుడికి సరిపోయేది. ఇది ఇప్పుడు తెలుసు. కొత్త పిస్టన్ సర్దుకుందని నమ్మి అరవై మీద పోనిచ్చిన రోజున ఎ.కొండూరు దగ్గర మళ్లీ అదే దగ్గు.

అప్పటికైనా కళ్లు తెరవాల్సింది. నా సిద్ధాంతాన్ని బద్దలు కొట్టే సాక్షులు ఎదురుగానే తిరుగుతున్నారు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున నెమలి వేణుగోపాలస్వామి గుడికి బయల్దేరాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే లైటు వేసినా ముందు ఎడ్లబండి కనపడలేదు. ఆ చలిలో, గంపలగూడెం చేరకముందే ఆగింది. అదే బండి మే నెల మిట్టమధ్యాహ్నం, కొట్టు ముందు ఎండలో గంటలు నిలబడి, విస్సన్నపేట దాకా ఏ పేచీ లేకుండా వెళ్లింది. పైగా పెట్రోలు ట్యాపు తిప్పగానే కార్బరేటర్ కింద బొట్లు కారాయి. వేడికి ఆగే బండి వేడిలో నడిచి చలిలో ఆగడమేమిటని అడగాల్సినవాడు నేనొక్కణ్ణే. నేను మాత్రం "చలికి ఇంజను ఎక్కువ కష్టపడుతుందిలే" అని మా ఆవిడకి జవాబు చెప్పాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఒక రోజు మిరపతోటల మధ్య రోడ్డు మీద ఆగింది. గట్టున ఒక కుర్రాడు పంపు వీపునేసుకుని మందు కొడుతున్నాడు, మా కొట్టు ఖాతాదారే. నన్ను చూసి వచ్చాడు.

"ఏమైంది బాబాయ్?"

"వేడెక్కిందిరా. చల్లారనీ."

అతను బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ట్యాంకు మూత మీద వేలు పెట్టి రాశాడు.

"దీనికి చిల్లు ఉండాలిగా బాబాయ్?"

"కారుతుంటే మూసేశాన్లే."

వాడు నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధ. "మొన్న మా పంపు మందు లాగట్లేదని మీ కొట్టుకి తెచ్చాను కదా. మీరేగా మూత వదులు చేసి, 'గాలి లోపలికి పోకపోతే మందు బయటికెలా వస్తుందిరా ఎర్రిమొహమా' అన్నారు?"

అన్నాను. ప్రతి సీజన్లోనూ అంటాను. పదహారు లీటర్ల పంపుకి మూతలో చిన్న గాలిదారి ఉంటుంది. మందుపొడి, మట్టి పట్టి అది మూసుకుపోతే ప్లాస్టిక్ ట్యాంకు బుగ్గలు లోపలికి లాక్కుపోతాయి, నాజిల్లోంచి తుంపర ఆగిపోతుంది. పంపు చెడిందని వచ్చేవాళ్లకి గుండుసూదితో ఆ దారి పొడిచి, ఒక తిట్టు ఉచితంగా ఇచ్చి పంపడం నా వృత్తిధర్మం. ఇనుప ట్యాంకు బుగ్గలు లాక్కుపోవు కాబట్టి నా కంటికి ఆనలేదు, అంతే తేడా.

మూత తిప్పాను. స్‌స్ మంది. ఈసారి అరచెయ్యి పెట్టాను. చర్మం లోపలికి గుంజింది. మూత వదులుగా పెట్టి కిక్కు కొడితే మొదటి దెబ్బకే అందుకుంది. ఇంజను అప్పటికీ చెయ్యి పెట్టలేనంత వేడిగానే ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. ఈ బళ్లకి పెట్రోలు పంపు లేదు. ట్యాంకు నుంచి కార్బరేటర్‌కి ఉన్న జానెడు ఎత్తే దాన్ని కిందికి తోసే బలమంతా. జానెడు పెట్రోలు బరువంటే బయటి గాలి ఒత్తిడిలో నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు. కాబట్టి ట్యాంకులో ఒత్తిడి ఆ కాస్త తగ్గినా ధార నిలిచిపోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే పైన ఉన్న గాలి తక్కువ, కొంచెం పెట్రోలు దిగినా ఆ కొద్ది గాలీ బాగా పలచబడుతుంది. లీటరు పెట్రోలుతో ఊళ్లో తిరిగేటప్పుడు పైనంతా గాలే కాబట్టి చాలాసేపు ఓర్చుకుంటుంది. దూరం వల్ల కాదు, నిండా పోయించడం వల్ల ఆగేది. ఎండలో నిలబెడితే పెట్రోలు ఆవిరి పైకి లేచి ఆ లోటు పూడ్చేది, మే నెల రహస్యం అది. బొట్లు కారడమూ ఆ ఆవిరి తోపుడే.

ఇక పిస్టన్ మీద గీతలు. ఇక్కడే నాకు అన్నిటికంటే పెద్ద శాస్తి జరిగింది. పెట్రోలు సన్నగిల్లితే గాలి పాలు ఎక్కువై మంట ఉష్ణం పెరుగుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది. టూస్ట్రోకులో ఇంజనుకి నూనె అందేదీ ఆ పెట్రోలుతోనే. ధార తగ్గితే నూనే తగ్గుతుంది, పిస్టన్ ఎండి గోడలకి రాసుకుంటుంది. అంటే బండి వేడెక్కి ఆగలేదు, ఆగబోతూ వేడెక్కింది. ఆటోనగర్ మెకానిక్ చూపించిన గాయాలు నిజమైనవే, చేసినవాణ్ణి నేనే. పిస్టన్ మార్చడం కూడా దండగ కాదు, చిల్లు మూసినందుకు కట్టిన జరిమానా.

ప్లగ్గు సంగతి ఒకటి ఉంది, నాలాంటివాళ్లకి పనికొస్తుంది. బండి ఆగిన ఆ నిమిషంలోనే, చల్లారకముందే ప్లగ్గు విప్పాలి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, రవ్వ లేదు, కండెన్సర్ వైపు వెళ్లొచ్చు. పొడిగా ఉంటే రవ్వని వదిలేసి పెట్రోలు దారి పట్టుకోవాలి, అందులో మొదటి మెట్టు మూత. నాదెప్పుడూ పొడిగానే ఉండేది. నేను గరుకు కాయితంతో శుభ్రంగా రుద్ది మళ్లీ బిగించేవాణ్ణి.

ఎంసీల్ తవ్వడానికి గుండుసూది చాలలేదు, డ్రిల్లు పెట్టాల్సొచ్చింది. ట్యాంకు మీద ఇప్పుడు మూత చుట్టూ జిడ్డు మరక ఉంది, దానిమీద నా పాత బనీను ముక్క ఉంది. బిల్లుల మొత్తం మా ఆవిడకి చెప్పలేదు. తనే కూడింది.

ఆ కుర్రాడు మొన్న మళ్లీ కొట్టుకొచ్చాడు. పాతబాకీ అలాగే ఉంది. అయినా మిరపకి తామరపురుగు మందు అరువు కావాలన్నాడు. కుదరదురా అందామని నోరు తెరిచాను.

"బండి ఎలా ఉంది బాబాయ్?" అన్నాడు, బయట బెంచీమీద నలుగురు రైతులు కూర్చుని ఉండగా.

ఎన్ని సీసాలు కావాలో అడిగాను.