వణుకు తగ్గకుండా ఇంటర్వ్యూకు పోవడం ఎలా?

ఇంటర్వ్యూ భయం పోగొట్టే ఉపాయాలు చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది. ఉన్న భయాన్ని చెక్కుచెదరకుండా లోపలి గది దాకా మోసుకుపోవడం ఎట్లాగో చెప్పేవాడు ఒక్కడూ లేడు. పైగా 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే ఎత్తేసింది. ఇట్లాగే వదిలేస్తే ఈ విద్య అంతరించిపోతుంది. అందుకే పూనుకున్నాను. నా అర్హతంటారా, వరసగా ఏడు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాను. ఎనిమిదోది పొరపాటున వచ్చింది. ఆ మచ్చ సంగతి చివర్లో చెబుతా.

1. ముందు ఊరికంతా చెప్పండి

ప్రొద్దుటూరు వాళ్ళకు ఈ పనిలో శ్రమ లేదు. బంగారం అంగళ్ళ వైపు పోయి ఒక్కరి చెవిన వేస్తే చాలు, పొద్దుటి గ్రాము ధరతోపాటు మీ ఇంటర్వ్యూ కూడా సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఇక పలకరింపులు మొదలవుతాయి.

"జీతం ఎంతిస్తారంట అబ్బీ?"

"ఎవురన్నా చెప్పేటోళ్ళు ఉండారా, ఉత్తినే పోతాండావా?"

"మా సడ్డకుని కొడుకు పోయినేడు పోయినాడులే ఆడికే. రాలా."

ఈ మూడో మాట అనేవాళ్ళు దొరికేదాకా తిరగండి. గదిలో ఉండేది ముగ్గురో నలుగురో. వాళ్ళను చూసి ఎంతని భయపడతాం? తిరిగొచ్చి బస్టాండులో దిగినప్పుడు "ఏమాయె?" అని అడిగేవాళ్ళను తలుచుకోండి. అప్పుడు చూడండి కడుపులో తిప్పుడు.

2. ఏ దేవుణ్ణీ వదలకండి

ప్రొద్దుటూరులో కన్యకాపరమేశ్వరికి ఒక మొక్కు, జమ్మలమడుగులో నారాపుర వెంకటేశ్వరస్వామికి ఇంకో మొక్కు, పులివెందుల వైపు పోతే గండి ఆంజనేయస్వామికి మరొకటి. దేనికి దానికి వేరుగా మొక్కుకోవాలి. లోపల వాళ్ళు ప్రశ్న అడుగుతుంటే మీరు ఎవరికి ఎన్ని టెంకాయలో, ఎక్కడ గుండో లెక్క చూసుకుంటూ ఉండాలి.

గండిలో స్థలపురాణం మాత్రం చెవిన పడనీయకండి. ఆ ఆంజనేయుణ్ణి రాముడే బాణం మొనతో రాతి మీద గీశాడట. పొద్దుపోతోందో ఏమో, చిటికెన వేలు పూర్తి చేయకుండానే వెళ్ళిపోయాడట. వేలు తక్కువైన స్వామికి ఇన్నేళ్ళుగా పూజలు ఆగలేదు. అంతా పూర్తిగా సిద్ధమైతే తప్ప పనికిరామని నమ్మేవాడికి ఇలాంటి కథ తగిలితే ధైర్యం వచ్చే ప్రమాదముంది.

3. రాత్రంతా చదవండి, మీ పని తప్ప

ప్రపంచ దేశాల రాజధానులు, ద్రవ్యోల్బణం, ఐక్యరాజ్యసమితి, అన్నీ తిరగేయండి. మీరు చదివిన చదువు, చేసిన ప్రాజెక్టు మాత్రం ముట్టుకోకండి. 'అది నాకు వచ్చులే' అనుకోండి.

ఇందుకు మన ప్రొద్దుటూరులో పెద్ద ఉదాహరణే ఉంది. పుట్టపర్తి నారాయణాచార్యులు కుర్రతనంలో రాసిన 'పెనుగొండ లక్ష్మి' ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చునేసరికి పాఠ్యపుస్తకమై ఎదురొచ్చిందంటారు. తన కావ్యం మీద ప్రశ్నకే పుటలకు పుటలు రాస్తూ కూర్చున్నాడనీ, మిగతా ప్రశ్నలకు పొద్దు చాలక ఆ పేపరు పోయిందనీ చెప్పుకుంటారు. సొంత పుస్తకంలోనే గతి ఇట్లా ఉంటే మనమెంత అని వణకండి. అదే మనిషి ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరుని గుళ్ళో 'శివతాండవం' రాశాడనీ, పద్మశ్రీ కూడా అందుకున్నాడనీ ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి.

4. ఆరోజు పొద్దున్నే దిగండి

ముందురోజే పోయి, ఆ ఆఫీసు ఎక్కడుందో చూసుకుని, హాయిగా నిద్రపోయేవాళ్ళ వల్ల ఈ విద్యకు చెడ్డపేరు. మీరు రాత్రి ఎర్రగుంట్లలో వెంకటాద్రి ఎక్కండి. పొద్దున కాచిగూడలో దిగి స్టేషనులోనే ముఖం కడుక్కోండి. కాలికి ఆరోజే మొదటిసారి తొడిగిన బూట్లు ఉండాలి. చొక్కా మెడ ఒక అంగుళం బిగువుండాలి. బెల్టు చిన్నాయనది అయితే మరీ మంచిది, కొత్త బొక్క మేకుతో పొడిచి ఉంటుంది కాబట్టి కూర్చున్నంతసేపూ ధ్యాస దాని మీదే ఉంటుంది.

5. ఊరిపేరు అడిగితే తడబడండి

"మీదేవూరు?" అంటారు. పులివెందుల అన్నారా, కళ్ళజోళ్ళు పైకి లేస్తాయి. ఇద్దరు ముఖ్యమంత్రుల నియోజకవర్గం కదా, ఈ అబ్బాయి ఎవరి తాలూకో అని ఒకరు చూస్తారు. ఇంకొకరు నవ్వుతూ, "అక్కడ ఇంకా బాంబులు వేసుకుంటారా?" అంటారు. 'సమరసింహారెడ్డి' సినిమా వచ్చింది 1999లో. అప్పటికి మీరు పుట్టి కూడా ఉండరు. అయినా అట్లాంటి ఫ్యాక్షన్ సినిమాల్లో లేచిన సుమోలన్నింటికీ ఇప్పుడు మీరే జవాబుదారీ. తల వంచుకుని గొణగండి.

"మాకు చీనీ తోట ఉందండీ, అరటి కూడా పెడతాం, మా పక్కనే తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతారు" అని మాత్రం అనకండి. వాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకుంటారు. కాయలు కోసేదెప్పుడు, లారీలు ఏ ఊరి మార్కెట్టుకు పోతాయి అని అడుగుతారు. మీకు తెలిసిన సంగతి కాబట్టి మీరూ చెప్పుకుంటూ పోతారు. పదినిమిషాల్లో వణుకు కాస్తా ఆవిరి.

6. ఇదే ఆఖరి ఉద్యోగం అనుకోండి

జమ్మలమడుగు వాళ్ళకు ఇది వేరే నేర్పనక్కర్లేదు. ఆ పక్క ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒక శంకుస్థాపన జరిగింది. 2018లో కంబాలదిన్నె దగ్గర ఇంకొకటి, 2019లో సున్నపురాళ్ళపల్లె దగ్గర మరొకటి. 2023లో మళ్ళీ పూజ, మళ్ళీ కొబ్బరికాయ. మొదటి రాయి నాడు పదో తరగతిలో ఉన్న పిల్లోడు నాలుగో రాయి నాటికి ముప్పై దాటాడు. రాయి పడిన ప్రతిసారీ సర్టిఫికెట్లు జిరాక్సు తీయించుకున్నాడు. అట్లాంటివాడు ఎక్కడో బెంగుళూరులో గాజు తలుపు ముందు నిలబడితే మోకాళ్ళు కొట్టుకోవా? 'వ్యక్తిత్వ వికాసం లేదు' అని వాడికి పుస్తకం అమ్మేవాళ్ళున్నారు. వికసించాల్సింది వాడొక్కడేనా అని అడగకండి. భయమంతా మీ ఒంటి లోపమేనని నమ్మడం ఈ విద్యకు మూలస్తంభం.

7. సైన్సు జోలికి పోకండి

జర్మనీలో ట్రయర్ విశ్వవిద్యాలయం వాళ్ళకు మనుషుల్ని పద్ధతిగా ఒత్తిడికి గురిచేసి చూడాల్సిన పని పడింది. పామును తేలేదు, చీకటి గదిలో వేయలేదు. ఉత్తుత్తి ఉద్యోగ ఇంటర్వ్యూ పెట్టారు! అయిదు నిమిషాలు తన గురించి చెప్పుకోవాలి. తర్వాత అయిదు నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి చెప్పాలి. తప్పితే మళ్ళీ మొదటికి. ఎదుట కూర్చున్నవాళ్ళు నవ్వకూడదు, తల ఊపకూడదు. 1993లో ప్రకటించిన ఈ పద్ధతిని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

దీని అర్థం తెలిస్తే కొంప మునుగుతుంది. ఏ ఊరివాడైనా, ఎంత చదివినవాడైనా ఆ కుర్చీలో కూర్చుంటే గుండె దడదడలాడుతుంది. ఎదుటివాళ్ళ బిగదీసిన ముఖాలు మన మీద కోపంతో బిగదీసినవి కావు. ఈ రెండు ముక్కలూ వెంటనే మరిచిపోండి.

ఇక ఆ మచ్చ సంగతి

ఎనిమిదోసారి ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే సిగ్గేసింది. జేజికి మాత్రం తెలిసింది, పొద్దున్నే తలకు పోసుకున్నాను కదా.

"ఏమడుగుతారంట నాయనా?"

"తెల్దు జేజీ."

"తెలిసింది చెప్పు, తెలీంది తెల్దను. అంతకు మించి ఏముండాది? బువ్వ తిని పో."

లోపల మూడో ప్రశ్నకే చిక్కాను. ఏదో ఒకటి అల్లబోయి ఆగి, "తెలియదండీ" అన్నాను. ఆకాశం ఊడిపడలేదు. ఆయన కాగితం మీద ఏదో గీసుకుని ఇంకో ప్రశ్న అడిగాడు. అది తెలుసు, చెప్పాను. బయటికొచ్చి చూసుకుంటే చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. పది రోజులకు ఉత్తరం వచ్చింది.

ఇప్పుడు అప్పుడప్పుడూ నన్నే బల్లకు అవతలి వైపు కూర్చోబెడుతున్నారు. ముందురాత్రి నాకు నిద్ర పట్టదు, ఏమడగాలో తెలియక. అది బయటపడకుండా ముఖం బిగించుకుని కూర్చుంటాను. మొన్న మన పక్క పిల్లోడొకడు వచ్చాడు. మెడ దగ్గర గుండీ బిగుసుకుపోయి ఉంది, చిన్నాయన బెల్టు. ఫైలు తెరిచి చూసి అడిగాను.

"ఏమబ్బీ, ఈ ఏడు చీనీ ధర ఎట్లుండాది?"