పద్నాలుగు నిమిషాల గొంతు

నా మూత తీసి చూసినవాళ్లు ముందు నవ్వుతారు. పియానో తీగల్లాంటివేవో ఉంటాయనుకుని వంగితే, 35 టేపులు పక్కపక్కన దండెం మీద నాడాల్లా వేలాడుతుంటాయి. నేను మెలోట్రాన్‌ని, ఎం400 రకం. 1970ల్లో ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ దగ్గరి స్ట్రీట్లీలో తయారయ్యాను.

వంశం గురించి గొప్పలు చెప్పుకోలేను. అమెరికాలో హ్యారీ చాంబర్లిన్ అనే ఆయన ఇలాంటి వాయిద్యం మాకంటే ముందే చేశాడు. ఆయన సరుకు అమ్మే బిల్ ఫ్రాన్సన్ 1962లో రెండింటిని ఇంగ్లండు పట్టుకొచ్చి, ఒకే తీరున ఉండే 70 టేప్ హెడ్లు ఎవరు చేస్తారా అని వెతికాడు. బ్రాడ్లీ అన్నదమ్ములు చేస్తామన్నారు. అసలు సొమ్ము ఎవరిదో వాళ్లకు తర్వాతగానీ తెలియలేదు. చివరికి చాంబర్లిన్‌తో రాజీ కుదిరింది. అంటే నకిలీకి నకిలీని నేను.

నా పనితనం మాత్రం చెప్పుకోదగ్గదే. మెట్టు నొక్కగానే దాని కిందున్న టేపు, ఆగకుండా తిరిగే ఇరుసుకు అదుముకుని ముందుకు పాకుతుంది. ఆ టేపు మీద ఎవరో ఎప్పుడో స్టూడియోలో వాయించిన ఒక్క స్వరం ఉంటుంది. అదీ ఎనిమిది సెకన్లే. వేలు తీస్తే స్ప్రింగు టేపును లటుక్కున వెనక్కి లాగేస్తుంది. ఆ లాగుడు పూర్తికాకముందే మళ్లీ నొక్కారా, స్వరం మధ్యలోంచి ఎత్తుకుంటుంది, నిద్రలో లేపినవాడి మాటలాగా. ఒక్కో టేపు మీద మూడు వరసలుంటాయి. నావి వయొలిన్లు, ఫ్లూట్, చెల్లో.

నన్ను వాయించేవాళ్లకు కొత్త అలవాట్లు పట్టుబడ్డాయి. ఎనిమిదో సెకను రాకముందే వేలు మార్చాలి. నాలుగు మెట్లు ఒకేసారి నొక్కితే మోటారు మీద బరువు పడి శ్రుతి కొద్దిగా జారుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఇక నా పాటకు దిక్కులేదు. ఒకసారి కచేరీ మధ్యలో టేపు మడతపడి వయొలిన్ మేకలా అరిచింది. జనం చప్పట్లు కొట్టారు. కావాలనే చేశామనుకున్నారు పాపం.

మా జాతి వచ్చిన కొత్తలో సంగీతకారుల సంఘం గగ్గోలు పెట్టింది. ఒక పెట్టె కొంటే వాద్యబృందం మొత్తానికీ కూలి ఎగ్గొట్టొచ్చని వాళ్ల భయం. ఆ భయం తప్పని నేననను. నా టేపుల మీద వాయించిన ఫ్లూటు మనిషి ఎవరని ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. మా అన్న మార్క్ 2 ఫ్లూటు మాత్రం 1967లో బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదట్లో పలికి లోకమంతా తిరిగింది. విన్నవాళ్లకు అది ఫ్లూటులా అనిపించలేదు. ఫ్లూటు కల గన్నట్టనిపించింది. ఆ టేపు వణుకే మా సొంత ఆస్తి అని మాకు అప్పటికి తెలియదు.

తర్వాత డిజిటల్ శాంప్లర్లు వచ్చాయి. 1986లో స్ట్రీట్లీ కార్ఖానా మూతపడింది. నేను ఒక పెద్దాయన గరాజులో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఎలుకలు దుప్పటిని కొరికాయిగానీ టేపుల జోలికి రాలేదు.

ఇన్నేళ్లకు ఒకమ్మాయి లాప్‌టాప్‌తో వచ్చి దుప్పటి తీసింది. 35 మెట్లు, మూడు వరసలు, ఒక్కోటి ఎనిమిది సెకన్లు: నా గొంతంతా కలిపితే 14 నిమిషాలు. ఒక్కో మెట్టూ నొక్కి, స్వరం పూర్తిగా ఆగేదాకా ఊపిరి బిగబట్టి రికార్డు చేసుకుంది. పెద్దాయనకే మొహమాటం.

"ఆ బుస్సుమనే రొద తీసేస్తావుగా? ఆ పై మెట్టు శ్రుతి కూడా తప్పింది. స్క్రూ తిప్పనా?"

"వద్దండీ, ముట్టుకోకండి. అవి లేకపోతే ఇది మామూలు వయొలిన్ అయిపోతుంది."

నన్ను దొంగ వయొలిన్ అన్న రోజులు గుర్తొచ్చి మోటారు ఒక చుట్టు తడబడింది. అది కూడా రికార్డయింది.

సాయంత్రం కంప్యూటరులో వాయించి చూపించింది. సరిగ్గా ఎనిమిదో సెకనుకు ఆగిపోయింది. లోపల టేపు లేదు, అయిపోవడానికి. అలా ఆగాలని ఆమే పెట్టిందట. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆమె మాత్రం ఇంకా తృప్తిపడలేదు. మైకును నా పొట్టలోకి, స్ప్రింగుల దగ్గరికి దించుతూ, "ఇంకొక్కసారి నొక్కి వదలండి. టేపు వెనక్కి వెళ్లే చప్పుడు సరిగ్గా పడలేదు" అంది.