పోయిన క్రిప్టో డబ్బు రాబట్టే క్రమశిక్షణ

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే అనంతపురం వాళ్లం మనం. ఎండిన బోరు పక్కనే ఇంకో బోరు వేసే గుండె మనది. ఆ గుండెను ఫోన్‌లోకి మార్చుకుంటే చాలు. కింద రాసినవి వరసగా పాటించండి.

1. సొంత డబ్బు పెట్టకండి, పోతే బాధేస్తుంది. పంట రుణం తీసుకోండి. వాన పడి బుడ్డలు విత్తేదాకా ఆ డబ్బు ఖాతాలో ఊరికే పడుంటుంది. చాలకపోతే బంగారం ఉంది. "బ్యాంకులో అయితే భద్రం" అని ఇంట్లో చెప్పి తాకట్టు పెట్టండి. నిజంగానే బ్యాంకులో ఉంటుంది కాబట్టి అబద్ధం కూడా కాదు.

2. ఫ్యూచర్స్‌లో 50 రెట్ల లెవరేజ్ తీసుకోండి. ధర 2 శాతం పెరిగితే డబ్బు రెట్టింపు. 2 శాతం తగ్గితే మొత్తం పోతుంది, నిజమే, కానీ నిమిషంలో తేలిపోతుంది. నాలుగు నెలలు మబ్బులకేసి చూసే పని తప్పుతుంది.

3. స్టాప్‌లాస్ పెట్టకండి. పడేకొద్దీ కొనండి. 2022 మే మొదట్లో లూనా నాణెం 80 డాలర్ల దగ్గరుంది. రెండు వారాలు తిరక్కముందే సెంటులో పిసరంతకు దిగింది. 80కి, 40కి, 10కి, 1కి ఆగకుండా కొన్నవాడి సగటు ఎంత చక్కగా తగ్గిందో లెక్కేసుకోండి. మొదటి బోరు 300 అడుగులకు ఎండితే మన నాయన ఊరుకున్నాడా? 600కు పోలేదూ?

4. లెక్క రాయండి. క్రమశిక్షణంటే ఇదే. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, ఎర్ర పెన్నుతో మార్జిన్ గీయండి. లాభం వచ్చిన రోజు తేదీ, గంట, ధర నీలి సిరాతో గుండ్రంగా రాయండి. నష్టం వచ్చిన రోజు "సెలవు" అని రాసి పేజీ తిప్పండి. నెలాఖరుకు కూడితే ప్రతి నెలా లాభమే. పుస్తకాన్ని టీవీ పక్కన, నాయనకు కనబడేచోట పెట్టండి.

5. పన్ను సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను. ఒక నాణెంలో పోయింది ఇంకో నాణెంలో వచ్చినదాంట్లో తీసెయ్యనివ్వరు. ఒకదాంట్లో లక్ష వచ్చి, ఇంకోదాంట్లో లక్ష పోతే చేతిలో సున్నా, పన్ను 30 వేలు. అందుకే ఎందులోనూ లాభం రానివ్వకండి. అదే ఏడాది జులై 1 నుంచి నాణెం అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్ కూడా పట్టుకుంటున్నారు. లక్షతో మొదలుపెట్టి 50 సార్లు అమ్మి కొంటే, ధర కదలకపోయినా 60 వేల పైచిలుకే మిగులుతుంది. రిటర్ను వేస్తే పట్టుకున్నది పన్నులో సర్దుతారు, మిగిలితే వాపసు ఇస్తారు. ఆడిటరు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది? వదిలెయ్యండి.

6. ఇంట్లో చెప్పే జవాబులు ముందే సిద్ధం చేసుకోండి. రాత్రి రెండు గంటలకు దుప్పట్లో ఫోన్ వెలుగు చూసి మీ ఆవిడ లేస్తే, "పంటబీమా మెసేజ్ వచ్చిందేమోనని" అనండి. చీటీ డబ్బు ఏదని వదిన అడిగితే, 2024 జులై 18 అనే తేదీ గుర్తుపెట్టుకోండి. ఆరోజు వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో యాప్‌లో దొంగలు పడి దాదాపు 23 కోట్ల డాలర్ల నాణేలు ఎత్తుకుపోయారు. పేపర్లలో వచ్చింది. మీ డబ్బు అంతకు నాలుగు నెలల ముందే పోయినా, ఆ యాప్ మీ ఫోన్‌లో ఎన్నడూ లేకపోయినా ఇదే తేదీ చెప్పండి. పేపరు కత్తిరించి జేబులో ఉంచుకుంటే ఇంకా మంచిది.

7. ఇక రాబట్టడం. 90 శాతం పోయినవాడికి మిగిలింది పదింతలైతేనే అసలు చేతికొస్తుంది. కాబట్టి మెల్లగా సంపాదించే ఆలోచన మానండి. పోయిన డబ్బు తెప్పించే పెద్దమనుషులు టెలిగ్రామ్‌లో ఉన్నారు. ముందు ఫీజు అడుగుతారు, కట్టండి. సైబర్ పోలీసుల 1930 నంబరుకు మాత్రం ఫోన్ చెయ్యకండి. వాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు, ఇంట్లో తెలిసిపోతుంది. పెద్దమనిషి రెండోసారి ఫీజు అడిగాడంటే పని జరుగుతోందన్నమాట. కాడెద్దులు ఇంకా కొట్టంలోనే ఉన్నాయి కదా, సంత ఎప్పుడో కనుక్కోండి.